పురుగు వంతు

2004 వానాకాలంలో మా అవ్వ నన్నొక ప్రశ్న అడిగింది. అప్పుడు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. భారతంలో ధర్మసందేహాలు పిల్లలకు విప్పి చెప్పడమే నా పని. అయినా ఆమెకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఉద్యోగం అయిపోయింది, అవ్వ కూడా పోయింది. ప్రశ్న మాత్రం మా చేన్లోనే ఉంది.

సారంగాపూర్‌లో మాకు ఊరవతల రెండెకరాల నల్లమట్టి ఉంది. ఆ యేడు అందులో మొదటిసారి బీటీ పత్తి పెట్టాం. అవ్వకు పొద్దున్నే చేనుకు పోయి ఆకులు తిప్పి చూడడం అలవాటు. అంతకుముందు ఏళ్లలో పురుగు ఏరే పని ఆమెదే. చేతిలో ఒక పాత డాల్డా డబ్బా, అందులో నీళ్లు, నీళ్ల మీద ఇంత కిరసనాయిలు. శనగపచ్చ పురుగు కనబడగానే రెండు వేళ్లతో పట్టి అందులో వేసేది. వేసిన ప్రతిసారీ "శివా" అనేది. ఒక సాలు చివరికి పోయేసరికి ఎన్నిసార్లు శివనామం పలికేదో! దుబ్బరాజన్న జాతరలో కూడా అంత జపం చేసి ఉండదు.

ఆ రోజు డబ్బా ఖాళీగానే ఉంది. ఒక లేత ఆకును తిప్పి నాకు చూపించింది. గోటి మీది తెల్లచుక్క అంత పురుగు. ఆకును కొద్దిగా గీకినట్టు తిన్నది. పక్కనే కదలకుండా పడి ఉంది.

"నిన్న గూడ గిక్కడ్నే ఉండెరా. తిన్నది, తిన్నంక నోరు కట్టుకపోయినట్టు గమ్మున పండుకున్నది. ఎవలు మందు కొట్టిండ్రు?"

"ఎవలు కొట్టలేదవ్వా. మందు చెట్టులనే ఉంటది."

"చెట్టుల ఎవలు వెట్టిండ్రు?"

"కంపెనీ వాళ్లు. విత్తనంలనే పెట్టి ఇస్తరు."

ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత డబ్బా కింద పెట్టి అడిగింది. "నా డబ్బాల వడ్డది నా పాపం. నీ తమ్ముడు కొట్టింది వాని పాపం. మరి గిది ఎవలిది?"

ఆమె చూసింది నిజమే. ఆ పురుగు నోరు కాదు కట్టుకుపోయింది, కడుపు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి ఉంది. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే ఆయన పట్టుపురుగులు ఎందుకు చస్తున్నాయో వెతుకుతూ దాన్ని చూశాడు. 1911లో జర్మనీలోని తురింగియాలో బెర్లినర్ అనే ఆయన పిండిపురుగులో అదే జీవిని మళ్లీ చూసి, ఆ ప్రాంతం పేరే పెట్టాడు. బాసిల్లస్ తురింజియెన్సిస్. పొట్టిగా బీటీ. అది తయారుచేసే ఒక ప్రొటీన్ గొంగళి జాతి పురుగు కడుపులోకి పోతే, అక్కడి క్షారంలో కరిగి, పేగు గోడను పట్టుకుని బెజ్జాలు చేస్తుంది. పురుగు తిండి మానేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది. మనిషి కడుపులో ఉన్నది ఆమ్లం. ఆ ప్రొటీన్ పట్టుకునే చోటు మన పేగుల్లో లేదు. ఆ ప్రొటీన్‌ను చేసే జన్యువును పత్తిలో పెట్టి, మహికో-మోన్సాంటో వాళ్ల మూడు హైబ్రిడ్లకు 2002 మార్చి 26న మన దేశంలో అనుమతి ఇచ్చారు. ఇదంతా నాకు తర్వాత మా స్కూలు సైన్స్ సారు చెప్పాడు. సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టినవాడు, నూలు మర్మం కూడా తెలిసినవాడు. కానీ ఇది అవ్వ ప్రశ్నకు జవాబు కాదు. ఎట్లా చస్తుందో ఆమె అడగలేదు. ఎవరి ఖాతాలో చస్తుందని అడిగింది.

ఆ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదని నాకు మొదటి రోజే అనిపించింది. అయితే అంతకుముందు ఏం జరిగిందో చెప్పకుండా దాని గురించి మాట్లాడితే అన్యాయం అవుతుంది.

1997-98 పంట కాలం. వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్న యేడు అది. మా దగ్గర కూడా లద్దె పురుగు, శనగపచ్చ పురుగు ఒకదాని వెనక ఒకటి దిగాయి. మోనో కొట్టాం, ఎండో కొట్టాం, రెండూ కలిపి కొట్టాం. దుకాణంలో ఏ డబ్బా చూపిస్తే ఆ డబ్బా తెచ్చాం. ఆ యేడు మా రెండెకరాల్లో పన్నెండుసార్లు మందు పడింది. కొట్టింది మా తమ్ముడే. వీపు మీద పంపు, మూతికి అవ్వ పాత చీర పేలిక, కాళ్లకు ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం చెట్ల మధ్యలో పంపు చప్పుడు ఆగింది. పోయి చూస్తే సాలులో బోర్లా పడి ఉన్నాడు. నోట్లో నురుగు, కళ్లలో పాపలు ఆవగింజంత అయ్యాయి. బండి మీద జగిత్యాల తీసుకుపోయేదాకా నా చొక్కా వాడి చెమటతో తడిసిపోయింది. ఆ చెమటకు కూడా మందు వాసనే. రెండు రోజులు సూది మీద సూది ఇచ్చి బతికించారు. లేచాక వాడు అన్న మొదటి మాట, "ఇంకో నాలుగు సాల్లు మిగిలినయన్నా."

పురుగు ఒక్కటే చావలేదు ఆ మందుకు. పేనుబంకను తినే అక్షింతల పురుగులు చచ్చాయి, సాలీళ్లు చచ్చాయి, తేనెటీగలు చచ్చాయి. చేన్లో పిట్ట వాలడం మానేసింది. 2004లో బీటీ పెట్టిన తర్వాత కాయ పురుగు కోసం ఒక్కసారి కూడా పంపు ఎత్తలేదు. పచ్చదోమకు రెండుసార్లు కొట్టాం, అంతే. దసరా నాటికి ఆకుల మీద అక్షింతల పురుగులు మళ్లీ కనబడ్డాయి. అవ్వ ఒకదాన్ని చేతి మీద ఎక్కించుకుని చాలాసేపు చూసింది. అందుకే బీటీ అంటేనే రాక్షస విత్తనం అనే మాట ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మా తమ్ముడు బతికి ఉన్నాడు. వాడు తర్వాత పెండ్లి చేసుకుని ఇద్దరు బిడ్డలను కన్నాడు. ఆ లెక్క ఏ కాగితంలోనూ ఉండదు.

కాగితంలో ఉన్న లెక్కలూ తక్కువవి కావు. 2002-03లో దేశం మొత్తం మీద హెక్టారుకు 302 కిలోల దూది వస్తే, 2007-08కి అది 554 కిలోలైంది. అందులో బీటీ వాటా ఎంత, మంచి వానల వాటా ఎంత, కొత్త హైబ్రిడ్లది, ఎరువులది ఎంత అని పండితులు ఇప్పటికీ తగువు పడుతున్నారు. పడనీ. ఆ తర్వాత దిగుబడి అక్కడక్కడే తిరిగింది తప్ప పెద్దగా లేవలేదు.

ఇక అవ్వ ప్రశ్న.

మా ప్రాంతంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే దారిలో గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట ఉంది. పదో శతాబ్దంలో జినవల్లభుడు అనే జైనుడు అక్కడ బండ మీద చక్రేశ్వరిని చెక్కించి, శాసనంలో తెలుగు కందపద్యాలు కూడా వేయించాడు. కన్నడ ఆదికవి పంపనికి ఈయన తమ్ముడు. పిల్లలను రెండుసార్లు అక్కడికి తీసుకుపోయి ఆ పద్యాలు చూపించాను. ఆ జైనులు నాగలి పట్టడానికే వెనకాడినవాళ్లు. మట్టి కదిలిస్తే మట్టిలోని జీవాలు చస్తాయని. వాళ్ల లెక్కలో హింస చేసినవాడిదే కాదు. చేయించినవాడిదీ, చూసి సరేనన్నవాడిదీ కూడా. పతంజలి యోగసూత్రాల్లో కూడా ఇదే మూడు రకాల లెక్క ఉంది. ఆ లెక్కన చూస్తే అవ్వ ప్రశ్నకు జవాబు సులువు. జన్యువు పెట్టినవాడు చేసినవాడు, అమ్మినవాడు చేయించినవాడు, విత్తిన నేను సరేనన్నవాణ్ణి. పాపం ముగ్గురిదీ. చేయి కనబడకపోయినంత మాత్రాన హింస అనాథ కాదు. నిజానికి కనబడని చేయే ఎక్కువ భయపెట్టాలి. ఎందుకంటే డబ్బాలో పురుగు వేసినప్పుడు అవ్వకు "శివా" అనే మాట వచ్చింది. విత్తనం లోపలి చావుకు ఎవరికీ ఏ మాటా రాదు.

అవ్వ ఆ రోజు బాధపడింది అందుకేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పురుగు చచ్చినందుకు కాదు. అది చచ్చిందని తనకు తెలియకుండా పోతున్నందుకు.

కానీ జైనుల దారి రైతుది కాదు. రైతుకు భారతం దగ్గరిది. అరణ్యపర్వంలో, కొంగను చూపుతో కాల్చిన కౌశికుడు మిథిలకు పోయి మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గర కూర్చుంటాడు. ఆ కథ ముప్పయ్యేళ్లు చెప్పాను. పరీక్షల కోసం చెప్పేటప్పుడు తల్లిదండ్రుల సేవ దగ్గర ఆపేసేవాణ్ణి. వ్యాధుడు ఇంకో మాట అంటాడు. వ్యవసాయం మంచి పని అని అందరూ అంటారు గానీ, నాగలి కర్రు కింద ఎన్ని ప్రాణులు పోతున్నాయో చూశావా అంటాడు. ధాన్యం గింజలు కూడా జీవాలే కదా అంటాడు. నడిచినా, కూర్చున్నా, నిద్రపోయినా హింస ఉంది. అహింసే వ్రతంగా పెట్టుకున్న యతులు కూడా హింస చేస్తూనే ఉంటారు, ప్రయత్నం వల్ల అది తక్కువ అవుతుంది, అంతే అంటాడు. లేకుండా పోతుందని అనలేదు, తక్కువ అవుతుందన్నాడు. నాకు ఆ ఒక్క మాట దగ్గర కాళ్లు ఆనాయి. పన్నెండు మందుల హింస, రెండు మందుల హింస అయింది. చేన్లో ఉన్న వంద రకాల పురుగులు చచ్చే చోట రెండు మూడు రకాలు చస్తున్నాయి. ధర్మవ్యాధుడు మా చేను గట్టు మీద కూర్చుంటే ఈ విత్తనాన్ని వెంటనే తోసిపుచ్చడు అని నా నమ్మకం.

దేవుడి సృష్టిలో వేలు పెట్టారనే మాట కూడా విన్నాను. భజన మండలిలో ఒక పెద్దాయన ఆ మాట గట్టిగా అనేవాడు. నాకు అందులో బలం కనబడలేదు. మేము పెట్టే పత్తే అమెరికా జాతిది. దాన్ని ఇంకో దానితో కలిపి సూరత్‌లో 1970లో హెచ్-4 అనే హైబ్రిడ్ తీసినప్పుడు ఎవరూ అపచారం అనలేదు. మామిడికి అంటు కడితే దేవుడు కోపగించలేదు. విశ్వామిత్రుడు ప్రతిసృష్టి చేశాడని మనం తప్పుపట్టలేదు, అహంకారంతో చేశాడని తప్పుపట్టాం. నా మనసుకు తేలింది ఇదే. కలపడంలో కాదు దోషం, కలిపినవాడి మనసులో వెతకాలి. ఆ మనసు నాకు ఒక చిన్న పొట్లంలో కనబడింది.

450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్ కొంటే, దానితోపాటు 120 గ్రాముల ఇంకో పొట్లం ఇచ్చేవాళ్లు. అందులో బీటీ లేని మామూలు పత్తి. చేను చుట్టూ కనీసం ఐదు సాళ్లు, లేదా చేన్లో ఐదో వంతు, ఆ గింజలు పెట్టాలి. ఎందుకంటే అది పురుగుకు వదిలేసిన చోటు. అక్కడ పురుగు తినాలి, పెరగాలి, రెక్కల పురుగై ఎగరాలి. ఇది దయతో కాదు. బీటీ చెట్టు మీద ఎక్కడో ఒకటి చావకుండా మిగులుతుంది. అట్లా మిగిలినవి వాటిలో అవే జత కడితే పుట్టేదంతా చావని సంతతే. పక్కనే మామూలు చెట్ల మీద పెరిగిన పురుగులు గుంపుగా ఉంటే, మిగిలిన ఆ ఒక్కటి వాటితో జత కడుతుంది. పిల్లలు మళ్లీ చచ్చే పురుగులే అవుతాయి.

నేను ఏం చేశానో చెప్పాలి. 2004లో మా నాలుగు ప్యాకెట్లతో నాలుగు చిన్న పొట్లాలు వచ్చాయి. దుకాణంలో "ఇవి పనికిరావు సార్, పారేయున్రి" అన్నారు. పారేశాను. గట్టు మీద మోదుగ చెట్టు కింద. ప్యాకెట్ మీద వివరం ఉంది, ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ, చదువుకున్నవాణ్ణి, చదవలేదు. ప్యాకెట్‌కు పదహారు వందలు పోసి కొన్న విత్తనం పెట్టే చోట, పురుగు తినడానికి పత్తి ఎవరు పెడతారు? ఊర్లో ఒక్కరూ పెట్టలేదు. ఆ గింజలు వానకు మొలిచి, మేకలు తిన్నాయి. అవ్వ అడిగింది, "గవి ఏం గింజలురా?" అని. "పురుగు కోసం ఇచ్చిండ్రట" అన్నాను. "మరి పారేస్తివి?" అంది. అంతే అంది.

అవ్వ ఎప్పుడూ జొన్నచేను కోసేటప్పుడు గట్టు పక్క సాలు వదిలేసేది. పిట్టల పాలు అనేది. కల్లం చేసినప్పుడు చాకలికి, మంగలికి, వడ్లాయనకు మేర పెట్టినట్టే పిట్టకూ ఒక సాలు. ఇంటి చూరుకు వరి కంకుల కుచ్చు కట్టేది. రోజూ చేసే ఐదు యజ్ఞాల్లో ఒకటి భూతయజ్ఞం అని మనుస్మృతి చెబుతుంది. వండిన అన్నంలో కొంత నేల మీద పెట్టాలి, కుక్కకు, కాకికి, పురుగులకు కూడా. పురుగులకు అని పేరు పెట్టి చెప్పింది. అవ్వ మనుస్మృతి పేరు కూడా వినలేదు. వినాల్సిన పనీ లేదు. తన కోసమే వండుకునేవాడు పాపం తింటాడని గీత మూడో అధ్యాయంలో ఉన్న మాటను నేను స్టేజీ మీద చెప్పాను, ఆమె గట్టు మీద చేసింది.

లాబరేటరీలో కూర్చున్న శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి చివరికి చెప్పింది కూడా ఇదే కదా! మొత్తం నీకే కావాలంటే కుదరదు. ఐదో వంతు దానికి వదిలితేనే నాలుగు వంతులు నీకు నిలుస్తాయి. ఇది తెలిసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది.

సైన్స్ సారు ఒప్పుకోలేదు. "సార్, అది యజ్ఞం కాదు. వల. పురుగును బలహీనంగా ఉంచడానికి వేసే ఎర. దానికి మీరు పుణ్యం రంగు పూస్తున్నరు" అన్నాడు. వాదన గట్టిదే. నేను రెండు రోజులు ఆలోచించి ఇట్లా చెప్పాను. గీతలో యజ్ఞం కూడా ఇచ్చిపుచ్చుకోవడమే. మీరు దేవతలను పోషించండి, వాళ్లు మిమ్మల్ని పోషిస్తారు అంటాడు కృష్ణుడు. స్వార్థం లేని యజ్ఞం అని అక్కడ అనలేదు, పంచకుండా తినడం దొంగతనం అన్నాడు. అవ్వ పిట్టలకు సాలు వదిలింది కూడా పిట్టలు పురుగును తింటాయని తెలిసే. ప్రయోజనం ఉన్నంత మాత్రాన పెట్టిన చేయి చిన్నదైపోదు. సారు నవ్వి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు.

2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ దాకా పోయి కొట్లాడితే ప్యాకెట్ ధర 750కి దిగింది. అదే యేడు రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది. ఊర్లో మామూలు పత్తి విత్తనం అనేదే కనబడకుండా పోయింది. పిండినల్లి అనే తెల్లటి పురుగు, బీటీకి చావనిది, చెట్లకు పిండి చల్లినట్టు పట్టింది. మళ్లీ పంపులు లేచాయి.

తర్వాత 2017. మొదటి ఏరుడు బాగానే వచ్చింది. దీపావళి దాటాక పూలు కొన్ని విచ్చుకోకుండా, రేకులు కలిపి కుట్టినట్టు ఉండిపోయాయి. గుడ్డిపూలు. కాయలు పైకి నున్నగా, బొద్దుగా ఉన్నాయి, ఎక్కడా బెజ్జం లేదు. మా తమ్ముడు ఒక కాయను పళ్లతో కొరికి చీల్చి నా అరచేతిలో పెట్టాడు. నాలుగు అరల్లో రెండు తెల్లగా ఉన్నాయి. మిగతా రెండూ పసుపు మరకలు పట్టి బంకగా అంటుకుపోయాయి. బంకలో రెండు గింజలు ఒకదానికొకటి అతికి ఉన్నాయి. విడదీస్తే ఆ రెంటి నడుమ తొలిచిన గదిలో ముడుచుకుని ఒక చిన్న పురుగు. గులాబీ రంగు. అప్పుడే పుట్టిన బిడ్డ అరికాలి రంగు. వెలుగు తగలగానే తల తిప్పింది.

అవ్వకు అప్పటికి చూపు సగం పోయింది. అయినా కాయను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "గిది కొత్తది గాదురా. మా అవ్వగారింట్ల జూసిన, నా సిన్నతనంల. మల్ల వచ్చింది" అంది.

నిజమే. ఈ పురుగును మొదట భరూచ్ నుంచి వచ్చిన పత్తిలోనే చూసి 1843లో పుస్తకానికి ఎక్కించారు. ఎప్పటినుంచో మన దేశంలో ఉన్న పురుగే. గుజరాత్‌లో మొదటి జన్యువును అది తట్టుకుందని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. ఐదేళ్లు తిరగకుండా రెండో జన్యువునూ తట్టుకుంది. 2017 నాటికి మహారాష్ట్ర, తెలంగాణ చేలు దాని పాలయ్యాయి.

ఇక్కడ ఒక విషయం నన్ను చాలా కాలం నిద్రపోనివ్వలేదు. శనగపచ్చ పురుగు కూడా అదే బీటీ తింటున్నది కదా, అదెందుకు అంతగా తిరగబడలేదు? సైన్స్ సారు చెప్పిన కారణం ఇది. శనగపచ్చ పురుగు పత్తి ఒక్కటే తినదు. కంది తింటుంది, శనగ తింటుంది, మక్క కంకి తింటుంది, టమాట తింటుంది. మనం దానికి వంతు పెట్టకపోయినా, మన ఊరి మిగతా చేలలో దాని వంతు దానికి దొరికింది. గులాబీ పురుగుకు మన దగ్గర పత్తి తప్ప ఇల్లు లేనట్టే. ఉన్న ఒక్క ఇంటినీ మనం మొత్తం విషంతో అలికాం, తలుపు దగ్గర ఐదు సాళ్లు కూడా వదల్లేదు. పైగా మన దగ్గర పెట్టేది హైబ్రిడ్. దాని కాయలో గింజలన్నీ ఒక తీరు ఉండవు, కొన్నింట్లో విషం ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. పురుగుకు రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసినట్టయింది. నీళ్లున్నవాళ్లం ఇంకో ఏరుడు వస్తుందని మార్చి దాకా చెట్టు పీకలేదు. దానికి ఎండాకాలం కూడా తిండి దొరికింది.

అమెరికాలో అరిజోనా రైతులకూ ఇదే పురుగు, ఇదే జన్యువు. అక్కడ మొదటి పదేళ్లు పురుగు వంతు నియమం ప్రకారం వదిలారు. తర్వాత సంతానం కలగని రెక్కల పురుగులను విమానాల నుంచి కోట్లలో వదిలారు. 2018 అక్టోబర్‌లో అమెరికా వ్యవసాయ శాఖ తమ పత్తిలో గులాబీ పురుగు లేనే లేదని ప్రకటించింది. వంతు పెట్టినచోట పురుగే పోయింది, పెట్టనిచోట అది యజమాని అయింది. నిజం చెప్పాలంటే, అరిజోనా ముగింపు కూడా నాకు పూర్తిగా మింగుడుపడదు. వంతు పెట్టి పెట్టి చివరికి దాని వంశాన్నే తుడిచేశారు. దాన్ని యజ్ఞం అనడానికి నా నోరు రాదు. ఇక్కడ సైన్స్ సారు మాటే గెలిచిందేమో.

తప్పంతా రైతుదే అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. వంద ఎకరాల రైతుకు ఇరవై ఎకరాలు పురుగుకు వదలడం ఒక లెక్క. రెండెకరాలవాడికి పదహారు గుంటలు వదలడం కంచంలో అన్నం తీయడం. మేర పెట్టినప్పుడు ఊరంతా పెట్టింది, భూస్వామి ఎక్కువ పెట్టాడు, పేదవాడు పిడికెడు పెట్టాడు. పురుగు వంతు ఒక్కటి మాత్రం ఎవరి చేన్లో వారే, ఒంటరిగా, నష్టానికి పెట్టుకోవాలన్నారు. నేను తర్వాత ఒక యేడు పట్టుదలగా ఆ పొట్లం గింజలు చుట్టూ పెట్టాను. అవి బీటీ చెట్ల కంటే నెల ఆలస్యంగా పూశాయి. రెండూ ఒకేసారి పూయకపోతే పురుగులు జత ఎట్లా కడతాయి? ఇచ్చిన కంపెనీకి ఆ ఆలోచన లేదు. ఇవ్వాలి కాబట్టి ఇచ్చింది. నేను ముందు చెప్పిన మనసు అదే. తప్పు జరిగింది అక్కడ, సృష్టించిన చోట కాదు, సృష్టించి దాని బాగోగులు వదిలేసిన చోట.

అదే ప్రశ్న ఇప్పుడు వంకాయ దగ్గరికి వచ్చి నిలబడింది. 2009 అక్టోబర్‌లో బీటీ వంకాయకు అనుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంఘం సరేనంది. ఏడు నగరాల్లో, హైదరాబాద్‌లో కూడా, జనం మాట విని 2010 ఫిబ్రవరి 9న కేంద్ర మంత్రి జైరాం రమేశ్ దాన్ని ఆపారు. సీసీఎంబీ పరిశోధన సంస్థను స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ గారు బతికినంత కాలం, సరైన పరీక్షలు జరగలేదని కొట్లాడారు. బంగ్లాదేశ్ 2014లో రైతులకు ఇచ్చేసింది. మా ఇంటామె నన్ను అడిగింది, అటువంటి వంకాయ దేవుడికి నైవేద్యం పెట్టవచ్చా అని. కాయపురుగు కోసం కోతకు రెండు రోజుల ముందు మందు కొట్టిన వంకాయ ఇప్పుడు పెడుతున్నాం కదా అన్నాను. కానీ మన వంగ జాతులు వందలు, ఊరికో రకం. పత్తిలో జరిగినట్టు అన్నీ పోయి ఒక్కటే మిగిలితే, పురుగుకే కాదు వంకాయకు కూడా వంతు మిగలదు. నా భయం విషం గురించి కాదు, దీని గురించి.

అవ్వ 2018 ఎండాకాలంలో పోయింది. ఇప్పుడు ఆ వేరే పొట్లం రావడం లేదు. కంపెనీ వాళ్లే బీటీ గింజల్లో వందకు ఐదో పదో మామూలు గింజలు కలిపి ఒకే ప్యాకెట్‌గా ఇస్తున్నారు. రైతు పారేయడానికి వీల్లేదు. మంచిదే అనుకుంటాను. కానీ తెలియకుండా పెట్టింది పెట్టడమే అవుతుందా అని కూడా అనుకుంటాను. తెలియకుండా చంపితే ఎవరి పాపం అని అడిగిన మనిషి, తెలియకుండా పెడితే ఎవరి పుణ్యం అని కూడా అడిగేదే.

మొన్న మృగశిరలో మొదటి వాన పడ్డ తెల్లారి అచ్చు తోలి విత్తనం పెట్టడానికి పోయాం. తమ్ముడు ప్యాకెట్ చింపి నా దోసిట్లో పోశాడు. మందు పట్టించిన గింజలు, అన్నీ ఒకే రంగు. వాటిలో పురుగు గింజలు ఏవో చూద్దామని ఒక్కొక్కటి వేలితో కదిలించాను. తెలియలేదు. దోసిలి కళ్ల దగ్గర పెట్టుకుని మళ్లీ చూశాను.

"ఏం దేవులాడుతున్నవన్నా? మబ్బు వట్టింది, పెట్టు" అన్నాడు తమ్ముడు.

గట్టు పక్క మొదటి సాలులో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో గింజా పెట్టి మట్టి కప్పాను. కప్పిన ప్రతిసారీ నోట్లోంచి "శివా" అని వచ్చింది.